దోమ గుట్టు విప్పిన డాక్టరు – సర్ రోనాల్డ్ రాస్

మన పెద్దలు హైదరాబాదు, సికిందరాబాదు అని జంటనగరాల పేర్లు చెప్పుకునేవారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సైబరాబాదు అనే మూడో పేరు వచ్చి చేరింది. నేడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కంప్యూటరు ఉద్యోగుల పిల్లలూ ఉన్నారు, ఆ మేడలు కట్టడానికి కూలికి వచ్చినవారి పిల్లలూ ఉన్నారు. వారిలో బైపీసీ తీసుకొని డాక్టరు కావాలని కలలు కనేవారు తక్కువేమీ కాదు.

ఆ పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో మలేరియా పరాన్నజీవి జీవితచక్రం అని ఒక బొమ్మ ఉంటుంది. ఒకవైపు మనిషి, ఒకవైపు దోమ, మధ్యలో బాణం గుర్తులు. పరీక్షలో మార్కులు వస్తాయని దాన్ని కంఠస్థం చేస్తారు, పరీక్ష అయిపోగానే మరచిపోతారు. కాని ఆ బొమ్మలో మనిషి నుంచి దోమలోకి వెళ్ళే బాణం గుర్తును మొదటిసారి రుజువు చేసింది మన ఊళ్ళోనే, బేగంపేటలోనే అని ఎంతమందికి తెలుసు? హైటెక్ సిటీలో మెట్రో ఎక్కితే అదే లైనులో బేగంపేట వస్తుంది. అక్కడ ఆ పని చేసిన డాక్టరు జీవితం, ఆయనకు తోడుపడిన సామాన్యుల సంగతి మన పిల్లలకు చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

బాల్యం, చదువు

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలోని అల్మోరాలో పుట్టాడు. సిపాయిల తిరుగుబాటు మొదలైన నెల అది. తండ్రి బ్రిటిషువారి భారత సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండులో బంధువుల ఇంటికి పంపించారు.

కుర్రవాడికి బొమ్మలు గీయడం, కవిత్వం, సంగీతం, లెక్కలు అంటే ప్రాణం. వైద్యమంటే ఇష్టం లేదు. తండ్రి మాట కాదనలేక లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరాడు. చదువు అంతంతమాత్రంగానే సాగింది. 1879లో ఒక పరీక్ష గట్టెక్కి రెండోది తప్పాడు. కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేసి, మళ్ళీ పరీక్షకు కూర్చొని నెగ్గి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసుకు వచ్చాడు. ఒక్కసారి ర్యాంకు రాకపోతే జీవితమే పోయిందని కుమిలిపోయే పిల్లలు, వారిని ఇంకా కుమిలిపోయేలా చేసే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మద్రాసు, బర్మా, అండమాన్ దీవుల్లో ఉద్యోగం. తీరిక వేళల్లో నవలలు, పద్యాలు, గణితం. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు తన బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయని గమనించాడు. కిటికీ దగ్గర నీళ్ళ తొట్టిలో పురుగులు తిరుగుతున్నాయి. తొట్టి పారబోయించాడు, దోమలు తగ్గాయి. దోమ పుట్టేది నిలిచిన నీటిలో అనే పాఠం ఆయనకు అలా కళ్ళెదుట రుజువైంది. 1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా సంపాదించాడు. సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు. మరుసటి ఏడు పెళ్ళి చేసుకొని తిరిగి వచ్చాడు.

చెడుగాలి కాదు, ఒక ప్రాణి

మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుంచి లేచే విషపుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని వందల ఏళ్ళుగా జనం నమ్మారు. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. చిత్తడి ఉన్నచోట జ్వరం ఉండేది మరి! కాని రెండూ ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. ఆ రెండింటి మధ్య ఇంకేదైనా ఉందేమో చూడాలి. జీవశాస్త్రంలోనే కాదు, ఏ శాస్త్రంలోనైనా మొదటి మెట్టు ఇదే.

1880లో అల్జీరియాలో పనిచేస్తున్న లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు, జ్వరపు రోగి రక్తంలో కదిలే ప్రాణిని సూక్ష్మదర్శినిలో చూశాడు. అది ఒకే ఒక జీవకణం. మన ఒంట్లో కోట్లాది కణాలు పని పంచుకొని బతుకుతాయి. ఈ పరాన్నజీవి ఒక్క కణంతోనే తిని, పెరిగి, పిల్లలను కంటుంది. ఎర్ర రక్తకణంలో దూరి లోపలి ఎర్రరంగు పదార్థాన్ని తింటుంది. తిన్నదాని శేషంగా నల్లని రంగు రేణువులు మిగులుతాయి. ఈ నల్ల రేణువులను పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, ముందు వీటితో పని ఉంది. కణంలో అవి పెరిగి, విభజన చెంది, అన్నీ ఒకేసారి కణాలను పగలగొట్టుకొని బయట పడతాయి. ఆ వేళకే రోగికి చలి, వణుకు, జ్వరం. రకాన్ని బట్టి 48 గంటలకో 72 గంటలకో జ్వరం మళ్ళీ తిరగబెట్టడానికి కారణం ఇదే. ఈ సంబంధాన్ని ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ చూపాడు.

రాస్ మొదట దీన్ని నమ్మలేదు. ఎన్ని రక్తపు చుక్కలు చూసినా ఆయనకు ఆ ప్రాణి కనిపించలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు పక్కన కూర్చోబెట్టుకొని చూపించాడు. అప్పుడు కనిపించింది. సూక్ష్మదర్శిని కొనుక్కుంటే చాలదు, చూడడం నేర్పే గురువు కావాలి. మాన్సన్ అంతకుముందే చైనాలో ఉన్నప్పుడు, బోదకాలు వ్యాధి పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని కనిపెట్టినవాడు. మలేరియా సంగతి కూడా అలాగే ఉండవచ్చని ఊహించాడు. దోమ రోగి రక్తం తాగుతుంది, నీటిలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగిన మనిషికి జ్వరం వస్తుంది, ఇదీ ఆయన ఊహ. అందులో సగం నిజం, సగం పొరపాటు.

సికిందరాబాదుకు రాక

1895లో రాస్ సికిందరాబాదు కంటోన్మెంటులో 19వ మద్రాసు పదాతి దళానికి డాక్టరుగా వచ్చాడు. బేగంపేటలోని సైనిక ఆసుపత్రి ఆయన ప్రయోగశాల అయింది. ప్రభుత్వం ఈ పరిశోధన చేయమని చెప్పలేదు. ఉద్యోగం చేసుకుంటూనే మిగిలిన వేళల్లో చేసేవాడు.

అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంలో పరాన్నజీవి నెలవంక ఆకారంలో కనిపించింది. ఆయనను కుట్టించిన దోమలను కోసి చూశాడు. దోమ కడుపులో ఆ నెలవంకలు రూపం మార్చుకున్నాయి గాని తరువాత ఏమైపోయాయో అంతు చిక్కలేదు. మాన్సన్ ఊహను పరీక్షించడానికి, దోమలు చచ్చిన నీటిని లచ్మన్ అనే ఆరోగ్యవంతుడిచేత తాగించాడు. కొన్నాళ్ళకు అతనికి కొద్దిగా జ్వరం వచ్చింది. రాస్ సంతోషించాడు. కాని అదే ప్రయోగం ఇతరులతో చేస్తే ఫలితం రాలేదు. ఒకసారి జరిగింది రుజువు కాదు; మళ్ళీ మళ్ళీ జరగాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషిమీద ఇలాంటి ప్రయోగం నేడు చేయనివ్వరు. అన్నీ వివరించి ఇష్టపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, నీతి సంఘం అనుమతి కావాలి. ఆ నియమాలు రావడం మంచిదయింది.

1895 సెప్టెంబరులో కలరా పని మీద బెంగుళూరుకు బదిలీ అయింది. 1897లో నీలగిరి ప్రాంతానికి వెళ్ళి తానే మలేరియా తెచ్చుకున్నాడు. ఆ ఏడు జూన్‌లో తిరిగి సికిందరాబాదు చేరాడు.

ఈ కాలమంతా ఆయన చేసిన పొరపాటు ఒకటే. ఇంటి చుట్టూ సులభంగా దొరికే బూడిదరంగు దోమలను, చారల దోమలను కోశాడు. దోమలన్నీ ఒకటే అనుకున్నాడు. అవి వేరు వేరు జాతులని, ఒక జాతిలో పెరిగే పరాన్నజీవి ఇంకో జాతిలో పెరగదని అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. మన పిల్లలు విసుక్కుంటూ చదివే వర్గీకరణ పాఠం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. పేర్లు వల్లించడానికి కాదు, తేడా పట్టుకోవడానికి.

హుసేన్ ఖాన్

1897 ఆగస్టు. ఎండ, ఉక్కపోత. పంకా వేసుకుంటే కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపేసి కూర్చునేవాడు. నుదుటి చెమట, చేతుల చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి కటకమూ పగుళ్ళిచ్చింది. చిన్న చిన్న ఈగలు చెవుల్లో, కళ్ళలో దూరేవి. ఒక్కొక్క దోమను కోసి, కణం తరువాత కణం వెదికేవాడు.

అప్పుడు సహాయకులు తెచ్చిన పురుగుల నుంచి కొత్త రకం దోమలు పుట్టాయి. గోధుమరంగు ఒళ్ళు, రెక్కల మీద మచ్చలు. ఇప్పుడు మనం అనాఫిలిస్ అనే జాతి అవి. ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఉన్నాడు. ఆయన రక్తంలో నెలవంకలు పుష్కలం. ఆగస్టు 16న ఆయనను దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను వదిలారు. రక్తం తాగిన దోమకు ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు.

కొన్ని దోమలు చచ్చాయి, కొన్నింటిని మధ్యలో కోశారు. ఆగస్టు 20 నాటికి ఒకటి రెండే మిగిలాయి. ఆ మధ్యాహ్నం రాస్ ఒకదాన్ని కోశాడు. కడుపు గోడలో గుండ్రని కణం ఒకటి కనిపించింది. మిల్లీమీటరులో వందో వంతు కంటె కొంచెం పెద్దది. అంతకుముందు వెయ్యి దోమల్లో కనపడనిది. దాని లోపల ఏముంది? నల్లని రేణువులు! దోమ సొంత కణాల్లో అలాంటి రంగు ఉండదు. మనిషి రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో మాత్రమే ఉంటుంది. అంటే హుసేన్ ఖాన్ రక్తంలోని ప్రాణి దోమ కడుపు గోడలో చేరింది!

ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారేమో. రాస్ మరునాడు మిగిలిన చివరి దోమను కోశాడు. కణాలు ఉన్నాయి, నిన్నటి కంటె పెద్దవిగా ఉన్నాయి. దోమ నాలుగు రోజుల నుంచి అయిదో రోజుకు వచ్చింది, కణమూ పెరిగింది. పెరిగేది ప్రాణమున్నదే కదా! రక్తంతో పాటు లోపలికి పోయి చచ్చిన మురికి కాదది. ఆగస్టు 20ని నేడు లోకమంతా దోమల దినంగా పాటిస్తున్నది ఈ కారణంగానే. ఆ ఫలితం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

కలకత్తా పిచ్చుకలు

ఇంత జరిగినా కథ సగమే తేలింది. దోమ నుంచి మనిషికి తిరిగి ఎలా వస్తుంది? అది తేల్చుకునే లోపే సెప్టెంబరులో బదిలీ ఉత్తరువు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వాడాకు వెళ్ళవలసి వచ్చింది. మాన్సన్ పైవారితో మాట్లాడగా 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు అవకాశం దొరికింది.

అక్కడ ఇంకో చిక్కు. ప్లేగు టీకాల భయంతో జనం వేలి నుంచి రక్తపు చుక్క ఇవ్వడానికి కూడా జంకేవారు. రాస్ పక్షుల వైపు తిరిగాడు. పిచ్చుకలకూ ఒక రకం మలేరియా ఉంది, దాన్ని మోసేది బూడిదరంగు దోమ. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడిని తన జేబులోంచి జీతమిచ్చి పెట్టుకున్నాడు. పక్షులను, దోమలను పట్టి తేవడం, పంజరాలు చూసుకోవడం, రాత్రింబగళ్ళు ప్రయోగశాలను కనిపెట్టుకొని ఉండడం ఆయన పని. ప్రయోగశాల మెట్ల మీద పక్షి పంజరాలతో రాస్ దంపతులు, మహమ్మద్ బక్ష్, ఇతర సహాయకులు కలసి దిగిన 1898 నాటి ఫోటో నేటికీ ఉంది.

1898 జులైలో రెండో సగం తేలింది. దోమ కడుపు గోడలోని గుండ్రని కణం పెరిగి పగులుతుంది. అందులోంచి సన్నని దారాల వంటి వేల ప్రాణులు బయటికి వచ్చి దోమ లాలాజల గ్రంథుల్లో చేరతాయి. దోమ కుట్టినప్పుడు ఉమ్మితో పాటు లోపలికి పోతాయి. జబ్బు దోమలచేత కుట్టించిన మంచి పిచ్చుకలకు జబ్బు వచ్చింది. కాబట్టి మాన్సన్ అనుకున్నట్టు నీళ్ళు తాగడం వల్ల కాదు, కాటు వల్లనే. గురువు ఊహలోని పొరపాటును శిష్యుడు దిద్దాడు. ఆ ఫలితాన్ని సభలో చదివి లోకానికి చాటింది ఆ గురువే.

పేరు, పోరు

అదే 1898లో గ్రాసీ మొదలైన ఇటలీ శాస్త్రజ్ఞులు మనిషి మలేరియాను అనాఫిలిస్ దోమే మోస్తుందని పూర్తిగా రుజువు చేశారు. ఎవరు ముందు అనే తగాదా రాస్‌కూ గ్రాసీకీ మధ్య ఏళ్ళ తరబడి సాగింది. రాస్ మాటలు చాలా కటువుగా ఉండేవి. పెద్దవారిలోనూ ఇలాంటి లోపాలుంటాయి. నిజం చెప్పాలంటే ఈ జ్ఞానం ఒక్కరిది కాదు. లావెరాన్, మాన్సన్, గోల్జీ, రాస్, గ్రాసీ తలా ఒక ముక్క తెచ్చారు. కాలేయంలో ఈ పరాన్నజీవి కొన్నాళ్ళు దాగి ఉంటుందనే ముక్క 1948లో గాని దొరకలేదు.

1899లో రాస్ భారతదేశం వదలి లివర్‌పూల్‌లో ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పొందిన మొదటి బ్రిటిషువాడు ఆయన. 1911లో సర్ బిరుదు లభించింది.

ఆయన చేసిన ఇంకో పని సైబరాబాదు యువకులు తెలుసుకోదగ్గది. చిన్ననాటి లెక్కల పిచ్చి ఊరికే పోలేదు. ఒక ఊళ్ళో దోమలెన్ని, రోగులెందరు, దోమ ఎన్నాళ్ళు బతుకుతుంది అనే సంఖ్యలను సమీకరణాల్లో పెట్టి, 1908 నాటి మారిషస్ నివేదికలోను, 1910లో మలేరియా నివారణ గురించిన గ్రంథంలోను చూపాడు. ఆయన తేల్చినది ఏమంటే, దోమలను ఒక్కటి మిగలకుండా చంపనక్కరలేదు. వాటి సంఖ్య ఒక హద్దు కంటె తగ్గితే చాలు, వ్యాధి తనంతట తాను తగ్గిపోతుంది. 2020లో కరోనా కాలంలో ఒక రోగి నుంచి ఎందరికి అంటుతుందని రోజూ విన్న లెక్కకు మూలాల్లో ఇదొకటి.

1932 సెప్టెంబరు 16న రాస్ లండనులో మరణించాడు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి పరాన్నజీవశాస్త్ర సంస్థగా ఆయన పేరు పెట్టుకుంది. నల్లకుంటలో మనవాళ్ళు కోరంటి దవాఖానా అని పిలిచే ఫీవర్ ఆసుపత్రికి కూడా ఆయన పేరే ఉంది.

మన పిల్లలకు, మనకు

ఈ జీవితంలో జీవశాస్త్రం తొలి పాఠాలన్నీ ఉన్నాయి. కణమంటే ఏమిటి, పరాన్నజీవికి ఆతిథేయి ఎందుకు కావాలి, ఒకే ప్రాణి రెండు ఒళ్ళలో రెండు రూపాలతో ఎలా బతుకుతుంది, జాతికీ జాతికీ తేడా ఎందుకు చూడాలి, ఊహకూ రుజువుకూ మధ్య దూరమెంత. వీటిని వల్లె వేయిస్తే పదాలు మిగులుతాయి. ఒక దోమ పిల్ల పురుగును గాజు గ్లాసులో పెట్టి, పైన గుడ్డ కట్టి, వారం రోజులు రోజూ చూడమంటే పాఠం మిగులుతుంది. ఖర్చు లేని ప్రయోగం. మన సంఘాలు నడిపే ట్యూషన్ తరగతుల్లో పాత సూక్ష్మదర్శిని ఒకటి ఉన్నా పిల్లల కళ్ళు తెరుచుకుంటాయి, ముఖ్యంగా దూరపు కాలేజీలకు పంపలేని ఆడపిల్లలకు.

రెండో సంగతి. నేడు ఐటీ ప్రాంతంలో లేచే ప్రతి మేడ కింద సెల్లారు గొయ్యి ఉంటుంది. క్యూరింగ్ కోసం పట్టిన నీళ్ళు, మూతలేని డ్రమ్ములు, స్లాబు మీద నిలిచిన వాన. పట్టణపు అనాఫిలిస్ దోమకు ఇంతకంటె మంచి ఇల్లు లేదు. పగటిపూట కుట్టే డెంగీ దోమా అలాంటి నీటిలోనే పుడుతుంది. దూరప్రాంతం నుంచి ఒంట్లో పరాన్నజీవితో వచ్చిన కూలీ ఒకరు, ఆ గొయ్యి పక్కనే రేకుల షెడ్డులో దోమతెర లేకుండా పడుకుంటారు. రాస్ బొమ్మలోని రెండు వైపులూ ఒకచోట కలిశాయన్నమాట. మన వేడిలో గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నిలవ నీరు పారబోస్తే చక్రం తెగుతుంది. బెంగుళూరు తొట్టి దగ్గర 1883లో రాస్ చేసినది ఇంతే. 2023లో కూడా ప్రపంచంలో సుమారు 5 లక్షల 97 వేలమంది మలేరియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చనిపోయిన వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్ళలోపు పసిపిల్లలు.

చివరి సంగతి. నోబెల్ బహుమతి పుచ్చుకున్నవాడు రాస్. జ్వరంతో కాగుతూ చెయ్యి చాచి దోమలచేత కుట్టించుకున్నవాడు హుసేన్ ఖాన్. రాస్ ఆ పేరును దాచలేదు, తన రాతల్లో పేరుపెట్టి చెప్పాడు. అబ్దుల్ ఖాదిర్, లచ్మన్, మహమ్మద్ బక్ష్ పేర్లు కూడా అలాగే నిలిచాయి. వీరిలో ఎవరికీ సైన్సు తెలియదు, కాని వీరు లేకుండా ఆ పాఠం పుస్తకంలోకి ఎక్కేది కాదు. వారి కాలంలో మనవారికి దక్కింది దోమకో అణా. ఈ కాలంలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునే కుర్చీ కూడా మన పిల్లలకు దక్కాలి. దానికి కావలసిన చదువు, ఓపిక, తోడ్పాటు మనమంతా కలసి అందిద్దాం.